సర్వేయరు గారి చిలక

ఒక మనిషి ఒక్క రోజులో ఎన్ని గళ్లు చెరపగలడు? మానవజాతి ఇంతకాలం వాయిదా వేస్తూ వచ్చిన ఈ ప్రశ్నకు పెద్దారవీడు మండల సర్వేయరు లక్ష్మీనరసయ్య జవాబిచ్చాడు. నలభై ఒకటి. పక్క బల్ల నాది కాబట్టి లెక్కపెట్టే భాగ్యం నాకు దక్కింది.

పొలాలు కొలవడం ఆయన ఉద్యోగం. క్రాస్ స్టిచ్ బొమ్మలకు నమూనాలు గీయడం ఆయన ప్రాణం. గుడ్డ మీద ఇంటూ గుర్తుల్లాంటి కుట్లతో బొమ్మ తీసే పని అది. ఏ గడిలో ఏ రంగు దారమో ముందే ఎవరో గీసివ్వాలి. గీసేది ఈయన, కుట్టేది మార్కాపురంలో ఉండే వాళ్లక్క సుబ్బరత్నమ్మ. చెరిపి చెరిపి కాగితాలు చిరుగుతున్నాయని పలక మీద మేకుతో గళ్లు గీసుకున్నాడు. రంగు సుద్దముక్కలు జేబులో ఉండేవి. అందుకే ఆయన చొక్కా ఫలానా రంగని ఎవరూ చెప్పలేకపోయేవారు.

మొన్న వేసవంతా ఒకటే చిలక. ఫోను టింగుమంటే చాలు, అన్నం ముందు నుంచైనా, మీటింగు మధ్యలోంచైనా లేచి పలక తీసేవాడు.

ఒకనాడు నన్ను వెంటబెట్టుకుని యల్లయ్య చేలో హద్దు కొలుస్తుంటే టింగుమంది. గొలుసు వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు.

"ఈడ అన్నదమ్ములం కొట్టుకుని చస్తాంటే చిలకకు తోక పెడతాండారా సార్?" అన్నాడు యల్లయ్య.

"తోక గాదు నాయనా, రెక్క. రెండు నిమిషాలు ఆగి కొట్టుకోండి."

"ఆ రాయి జానెడు అటు జరపండి సార్. ఎవురు చూస్తారు?"

"పటం ఎట్ల ఉంటే రాయి అట్ల. నీ రాయి కోసం పటం మారదు."

జానెడు కాదు కదా, వేలెడు కూడా జరపలేదు.

తిరిగి వస్తుంటే బండి మీద మళ్లీ టింగు. వెనక కూర్చున్న నన్నే చూడమన్నాడు. అక్క పంపిన కుట్టు ఫొటో. పలకతో సరిపోల్చాను.

"ఆకుపచ్చ రెండు గళ్లు ఎక్కువ వేసింది. విప్పమని చెప్పు."

బండి ఆగిపోయింది.

"విప్పమంటే సూది పారేస్తది," అన్నాడు. ఏడాది కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. వేళ్లు పని చేస్తూ ఉంటేనే కుడిచేయి తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడట. మూడుసార్లు విప్పి కుట్టాక, నాలుగోసారి విప్పాల్సొస్తే ఇక ఈ చేయి లేదనుకుంటానని ఆమె ఒట్టు పెట్టుకుందట.

కల్వర్టు మీద కూర్చుని, ఆమె కుట్టు ఎట్లా ఉందో పలక అట్లా మార్చి, ఫొటో తీసి పంపాడు. వెంటనే ఫోను వచ్చింది.

"తమ్ముడూ, సరిగ్గా వేసినానా?"

"ఒక్క గడి తప్పలేదక్కా."

"మరి పటం మళ్ల పంపినావేంది?"

"నేనే తప్పు గీసినా."

"ఊళ్లో పొలాలన్నీ నువ్వేనా కొలిచేది? దేవుడే దిక్కురా వాళ్లకు."

"అంతేలే అక్కా."

దసరా నాటికి బొమ్మ పూర్తయింది. సుబ్బరత్నమ్మ కుడిచేత్తో అన్నం కలుపుకుంటోంది. బొమ్మకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు.

అది కోడిపుంజు.