గీటురాయి మీద కనబడని గీత

ఊళ్లు పార్టీలుగా చీలి కొట్టుకునే రోజుల్లో ప్రొద్దుటూరు బంగారు అంగట్లో కూర్చున్న మనిషి నోరు జారకూడదు. మా నాయనకు ఆ విద్య బాగా తెలుసు. ఆయన కూతురినైన నాకే నోరు ఆగదు. పైగా అప్పుడు కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను, ఇంక చెప్పాలా!

ఒకరోజు పులివెందుల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. బావి తవ్వుతుంటే రాతిలో వేలంత సన్నటి నెర్రెలో పసుప్పచ్చగా మెరిసే రాయి దొరికిందట. ఆయన చేనుకు ఆ పక్క భూమి ఒక పార్టీవాళ్లది, ఈ పక్కది ఇంకో పార్టీవాళ్లది. ఇద్దరి మనుషులూ ఆయన వెంటే వచ్చి, చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. బంగారమని తేలితే ఆ చేను ఆయనకు మిగలదు. పాపం, మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాయన రాయిని గీటురాయి మీద గీశాడు.

"బంగారం కాదప్పా," అన్నాడు.

"గీతే పడల్యా. ఎవురి పక్క మాట్లాడతాండావు?" అన్నాడు ఒక పార్టీ మనిషి.

"పడింటాది, తుడిచేసినాడు," అన్నాడు రెండో పార్టీ మనిషి. నాయన అబద్ధమాడుతున్నాడని వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలేమో.

నాకు ఒళ్లు మండింది. నల్లరాతి మీద నల్లగీత ఎట్లా కనబడుతుంది? లోపలికి పోయి పింగాణీ కప్పు తెచ్చి బోర్లించి, అడుగున ఉన్న గరుకు అంచు మీద రాయిని రుద్దాను. ఆకుపచ్చ కలిసిన నల్లగీత పడింది. బంగారమైతే పసుపు గీత పడాలి.

"ఇది రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం," అన్నాను. "ఎప్పుడో భూమి లోపల్నించి వేడినీళ్లు ఈ నెర్రెలోకి ఎక్కినాయి. అవి చల్లారేకొద్దీ కరిగిన రాగి ఇట్ల రాయి కట్టింది. అట్లాంటి నీళ్లలోనే బంగారం గూడ వస్తాది. దీంట్లో కలిసిందో లేదో పరీక్ష చేస్తే తెలుస్తాది."

"రాగి అయితే మాత్రం తక్కువా?" అన్నాడు మొదటి పార్టీ మనిషి.

"వేలంత నెర్రె మామా. చెంబుకు గూడ చాలదు."

నమ్మకం లేక రెండు పార్టీలూ చెరో ముక్క కొట్టి ఇచ్చాయి. కాలేజీలో రెండింటినీ పరీక్షించాం. రెండూ ఒకే మాట చెప్పాయి: బంగారం జాడే లేదు. మళ్లీ అంగట్లో చేరి అది విన్న పార్టీలవాళ్లు ఉసూరుమంటూ లేచిపోయారు. రైతు మాత్రం పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వాడు. బంగారం కాదంటే అంత సంతోషపడిన మనిషిని మా అంగడి అంతకుముందు చూసి ఉండదు.

"ఆ నెర్రె వెంబడే తవ్వు మామా," అన్నాను. "అప్పుడు నీళ్లు ఆ దావనే వచ్చినాయి. ఇప్పుడు గూడ రావచ్చు."

ఎండలు ముదరకముందే ఆయన స్టీలు క్యానుతో మళ్లీ వచ్చాడు. నాయన ఆ పింగాణీ కప్పు నిండా నీళ్లు పోయించుకుని తాగాడు. నేనూ తాగాను. ఎంత తియ్యగా ఉన్నాయో!

"పాపా, రాగిని మోసుకొచ్చిన నీళ్లు ఇవేనా?" అని అడిగాడు రైతు.

"కాదు మామా. అవి ఎప్పుడో పోయినాయి."

"పోతే పోనీలే," అన్నాడాయన, కప్పు మళ్లీ నింపుతూ. "ఇవి నా చేన్లోవి."