ఖాళీ వరుసకూ జవాబు ఉండాలన్న మేష్టారు

ఎవరి కంటికీ కనిపించని పనిని మీరు ఎంత శ్రద్ధగా చేస్తారు? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. వాకిట్లో ముగ్గు సంగతి నేను అడగడం లేదు. పీట అడుగువైపు చిత్రిక పట్టే సంగతి అడుగుతున్నాను.

జీవితమంతా అలాంటి పనే చేసిన మా పక్కింటి కంప్యూటర్ మేష్టారు పోయిన గురువారం గుండె ఆగి వెళ్ళిపోయారు. రాజమండ్రిలో మా వీధివాళ్ళకి ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే మేష్టారుగానే తెలుసు. ఆయన తపస్సు వేరే ఉంది. కంప్యూటర్‌ని లోపల నుంచి నడిపించే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారట. దేశదేశాల జనం కలిసి రాసుకుంటున్న ఒక కెర్నెల్‌లో, ఓ చిన్న వెతుకులాటను ఇంకా వేగంగా చేయించాలని ఆయన పట్టుబట్టారు.

"ఏం వెతుకుతుందండీ అది?" అని ఒక సాయంత్రం అడిగాను. కరెంటు పోయి ఇద్దరం మేడ మీద కూర్చున్నాం. పురాణాలు చెప్పుకునేవాణ్ణని ఆయన నన్ను గురువుగారూ అనేవారు.

"ఈ వీధినే చూడండి గురువుగారూ. ఇళ్ళు వరుసగా ఉన్నాయి. దీపం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇటు నుంచి మొదటి దీపం ఎవరింట్లో ఉందో చెప్పాలి."

"గుమ్మం గుమ్మం చూసుకుంటూ పోతే సరి."

"అలాగైతే మీ ఉపన్యాసమంత సేపు పడుతుందండి. ఇటు సగం వీధిని ఒక్క చూపులో చూడండి. అంతా చీకటైతే ఆ సగం వదిలెయ్యండి. వెలుతురుంటే అందులోనే మళ్ళీ సగం చెయ్యండి. కొన్ని ప్రాసెసర్లలో ఒకే ఆదేశంతో తేల్చేసే వీలు కూడా ఉందండి. నేను వాడదామనుకునేది దాన్నే."

"ఆ మాత్రానికి ఇన్ని నెలలా?"

"తర్వాత ఏ పనికి వంతివ్వాలో కెర్నెల్ ఇలాంటి వరుసలోనే చూసుకుంటుందండి. క్షణానికి ఎన్నెన్నిసార్లో. ఒక్కోసారికి రవ్వంత సమయం మిగిలినా చాలు."

ఫలం మీద ఆశ పెట్టుకోవద్దని నేను గుళ్ళలో మైకు ముందు గొంతు చించుకుంటాను. ఆయన మైకు లేకుండా, తువ్వాలు అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ అదే చేసేవారు.

ఏ విద్యార్థి ప్రోగ్రాం చూపించినా ముందు ఒకటే అడిగేవారు: "ఖాళీది ఇచ్చి చూశావా?" నన్నూ వదల్లేదు. "మీ సభకి ఒక్కరూ రాకపోతే ఏం చేస్తారండీ?" అన్నారోసారి. "దేవుడికి చెప్పుకుంటాను" అన్నాను. "అయితే మీ ప్రోగ్రాం గట్టిదేనండి" అన్నారు.

ఆయన తన మార్పును ఆ కెర్నెల్ రాసేవాళ్ళందరికీ ఈమెయిల్లో పంపారు. బాగుందని ఎక్కడెక్కడి నుంచో జవాబులొచ్చాయి. అది చూసి హైదరాబాదు నుంచి ఓ కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. జీతం ఏ నెల వస్తుందో తెలియని ఇల్లది. ఆయన భార్య, నన్ను నోరారా అన్నయ్యగారూ అని పిలిచే చెల్లెమ్మ, ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి వీధంతా పంచింది.

ఇంటర్వ్యూ సోమవారం. శనివారం ఇన్‌స్టిట్యూట్‌కి వేరే రకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ వచ్చింది. మేష్టారు తన మార్పును దాని మీద నడిపి, అలవాటు కొద్దీ ఖాళీ వరుస ఇచ్చారు. ఒక్క దీపమూ లేని వీధి అన్నమాట. 'ఎవరూ లేరు' అని రావాలి. అదేమో ఏదో ఇంటి నంబరు చెప్పింది.

తన కంప్యూటర్లో సరిగ్గానే వచ్చేది. జవాబు రావలసిన చోట 'ఎవరూ లేరు' అన్నదాన్ని ఆయన ముందుగానే పెట్టి ఉంచేవారు. వరుస ఖాళీ అయితే ఆ ఆదేశం దాన్ని ముట్టుకోకుండా వదిలేసేది. అన్ని ప్రాసెసర్లూ అలాగే వదిలేస్తాయని ఎవరూ మాటివ్వలేదు. ఈయనే నమ్మేశారు.

ఆ మాట ఇంటికొచ్చి చెబుతున్నప్పుడు నేనక్కడే ఉన్నాను.

"ఎవరూ చూళ్ళేదు కదండీ," అంది చెల్లెమ్మ. "సోమవారం గడవనివ్వండి. అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. మీ పుస్తకంలో ఏదో ఒకటి ఉంటుంది కదా."

గ్రంథం ఎప్పుడూ నా చంకలోనే ఉంటుంది. తెరిచాను.

"వెతక్కండి గురువుగారూ," అన్నారు మేష్టారు. "ఆవిడకి కావలసిందీ దొరుకుతుంది, నాకు కావలసిందీ దొరుకుతుంది. ఈలోగా ఎవరో నా మార్పును కెర్నెల్లో కలిపేసుకుంటారు. ఏ ఆస్పత్రి కంప్యూటరో లేని పనికి వంతిచ్చి కూలబడుతుంది."

"మరి మన సంగతేంటండీ?"

"చూద్దాంలే. ముందు ఇది పంపనీ."

వాన పడుతోంది. గొడుగు పట్టుకుని నేనూ నెట్ సెంటర్‌కి వెళ్ళాను. 'నా మార్పులో తప్పుంది, దయచేసి ఎవరూ వాడకండి' అని రాసి, తప్పెక్కడుందో విడమరిచి అందరికీ పంపారు. నకలు ఒకటి ఆ కంపెనీకీ పంపారు. సోమవారం రావక్కర్లేదని వాళ్ళు ఫోన్ చేశారు.

చెల్లెమ్మ కొన్నాళ్ళు కాఫీ గ్లాసు గట్టు మీదే పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. తర్వాత ఒకనాడు కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "ఆ ఖాళీ వరుస సంగతి తేలిందా?" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. వరుస ఖాళీయా కాదా అని ముందే అడిగేలా మళ్ళీ రాశారు. మొదటిదాని కంటే కాస్త నిదానం, పాతదాని కంటే వేగం. దాన్ని ఆ కెర్నెల్ వాళ్ళు కలుపుకున్నారు. ఆయన మళ్ళీ ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్ళారు, చివరిదాకా.

నా కళ్ళముందు నిలిచిపోయింది ఆ శనివారమే. నెట్ సెంటర్ మెట్లు దిగి, పంచె పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, గొడుగు నాకే వదిలేసి, మోకాలి లోతు నీళ్ళలో ఆయన తేలిగ్గా నడిచి వెళ్ళిపోతున్నారు.

అయ్యా, అమ్మా. మీరు కట్టిన గోడలో, చెప్పిన పాఠంలో, అమ్మిన సరుకులో పగులు మీ ఒక్కరికే కనిపించిందా? సోమవారం దాకా ఆగకండి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. దాన్ని నమ్ముకున్న మనిషి ఇంటికి ఇప్పుడే వెళ్ళి, గుమ్మంలో నిలబడే చెప్పెయ్యండి. ఈరోజే.