తొమ్మిది దగ్గర ఆగిన గట్టు

ఐదో తరగతికి నేల కోత పాఠం మొదలుపెట్టిన రోజు నల్లబల్ల మీద ముందు ఆ మాటే రాశాను. పుస్తకంలో దాని పక్కనే మృత్తికా క్రమక్షయం అని ఇంకో పేరుంది. అది ఒకసారి చదివించి వదిలేశాను. కోత అంటే ఏమిటో తెలిసినవాళ్ళు చెప్పమన్నాను. వరి కోత అన్నారు, కరెంటు కోత అన్నారు. ముందు వరస పిల్లవాడు లేచి నేలను ఎవరు కోస్తారని అడిగాడు. నీళ్ళు కోస్తాయన్నాను.

"మరి నీళ్ళకి కూలెవురిస్తారు సార్?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే కిటికీ పక్కవాడు, కడుపుకోత కూడా ఉంది సార్ అన్నాడు. మా అత్తగారిని చూసినప్పుడల్లా వాళ్ళ నాయనమ్మ ఆ మాట అంటుందట. గదిలో నవ్వు ఆగిపోయింది. అది పాఠంలో లేదు, రాసుకోనక్కర్లేదు అన్నాను.

ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ నా భార్య తెలుసు. ఆమె ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. వాళ్ళంతా ముందు ఆమె దగ్గర కూర్చుని, ఆమె ఉడకబెట్టిన గుడ్డు తిని, తర్వాత మా బడికి వచ్చినవాళ్ళు. అంతకు ముందు కార్తీకంలో ఆమె పోయింది. మాది గురజాల వైపు పల్లె. ఆమె పుట్టిన ఊరు అదే, నేను ఉద్యోగానికి వచ్చి ఉండిపోయిన ఊరూ అదే. మావాళ్ళలో పూడ్చిపెడతారు. శ్మశానం వాగు ఒడ్డున ఉంది. ఆమెకు దొరికింది వాగు వైపు చివరి వరస. ఆ రోజు వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. గట్టు ఎంత దూరంలో ఉందో ఎవరూ చూడలేదు.

జూన్‌లో మొదటి వానలకు గట్టు ఒక పెద్ద పెళ్ళగా విరిగి వాగులో పడింది. అప్పుడు చూశాను. సమాధిని పై గట్టుకు మారుద్దామని మా అత్తతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండా ఆ మట్టి కదిలించకూడదంది. ఊరి పెద్దవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే మాట అన్నారు. కార్తీకం దాకా ఆగాలి. నేను ఆగగలను, గట్టు ఆగుతుందో లేదో తెలియదు.

అప్పటినుంచి నాకు ఒక చోట కుదురు లేకుండా పోయింది. మబ్బు పడితే తరగతి మధ్యలో గుమ్మం దాకా వెళ్ళి చూసేవాణ్ణి. ఫోనులో వాన ఎప్పుడు పడుతుందో చూసి, చూసిన పది నిమిషాలకే మళ్ళీ చూసేవాణ్ణి. పుస్తకం తెరిస్తే రెండు పేజీలు దాటేది కాదు. దుఃఖం మీద ఉన్న పుస్తకాలు అంతకు ముందు చాలా చదివాను. వాటిలో నది వస్తే అది ఎప్పుడూ ఇంకేదో అయి ఉంటుంది. మా వాగు వాగే. అది మట్టిని తీసుకుపోతోంది.

పాఠంలో ఒక ప్రయోగం ఉంది. రెండు ట్రేలలో మట్టి పోసి, ఒకదాంట్లో గడ్డి పాతి, రెండింటి మీదా నీళ్ళు పోయాలి. చేశాం. పిల్లలకు నీళ్ళు పోయడం నచ్చింది, మట్టినీళ్ళు ఎవరి ట్రే నుంచి ఎక్కువ వచ్చాయని పోట్లాడుకున్నారు. పాఠం అక్కడితో అయిపోయింది. నేను ఆపలేదు. మరునాడు వాళ్ళను వాగు దగ్గరికి తీసుకెళ్ళాను. నిజమైన కోత చూపించడానికని హెడ్మాస్టరుకు చెప్పాను. అది అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం అది కాదు.

కంది కట్టెలు చెక్కి, తలలకు సున్నం పూసి తీసుకెళ్ళాం. గట్టు అంచు నుంచి సమాధి వైపు అడుగుకొకటి చొప్పున నేనే పాతాను. పన్నెండు పట్టాయి. పిల్లలు పై గట్టు మీద తుమ్మచెట్టు దగ్గర నిలబడి చూశారు. గట్టు విరిగితే పుల్ల పోతుంది, ఎన్ని పుల్లలు మిగిలితే అన్ని అడుగులు మిగిలినట్టు అని చెప్పాను. వాగు వీధిలో ఉండే నలుగురికి రోజూ బడికొచ్చే దారిలో తుమ్మచెట్టు దగ్గరే ఆగి లెక్కపెట్టే పని ఇచ్చాను. వాళ్ళలో ఒక అమ్మాయి చేతిరాత బాగుంటుంది. నోటుపుస్తకం ఆమెకిచ్చాను.

మొదట్లో నేనూ వెళ్ళేవాణ్ణి. వెళితే రాలేకపోయేవాణ్ణి. రెండుసార్లు బడికి ఆలస్యమయ్యాక మానేసి, అంకె మీద ఆధారపడ్డాను. హాజరు పిలవగానే పుల్లలెన్ని అని అడిగేవాణ్ణి. ఆ అమ్మాయి లేచి నోటుపుస్తకం చూసి చెప్పేది. పన్నెండు. పన్నెండు. జులై చివర్లో పదకొండు. తర్వాత వారం ఒక్కసారే తొమ్మిది.

అక్కడ ఆగింది. ఆగస్టంతా తొమ్మిదే. సెప్టెంబరులో మాచర్ల రోడ్డు మీద నీళ్ళు పారి బస్సు రాని రోజు కూడా తొమ్మిదే. గడ్డి వేళ్ళు పట్టి ఉంటాయనుకున్నాను. గడ్డి ఉన్న ట్రే నుంచి తేరిన నీళ్ళు వచ్చిన సంగతి పిల్లలకు మళ్ళీ గుర్తుచేసి, చూశారా అన్నాను. మా అత్తకు కూడా తొమ్మిది అనే చెప్పాను. ఆడవాళ్ళు అటు వెళ్ళరు కాబట్టి ఆమెకు నా మాటే ఆధారం.

దసరా సెలవులు ఇచ్చారు. అంకె చెప్పేవాళ్ళు లేరు. మూడో రోజు ముసురు పట్టింది. ఇంట్లో వంటగదికీ వాకిలికీ మధ్య తిరిగి తిరిగి, చివరికి టేపు తీసుకుని వాగుకు వెళ్ళాను.

దూరం నుంచే తెల్లటి తలలు కనిపించాయి. లెక్కపెట్టాను, తొమ్మిది. దగ్గరికి వెళ్ళాక వాటి మధ్య దూరం కనిపించింది. అడుగు లేదు, జానెడు కూడా లేదు. సున్నం కొత్తగా ఉంది. టేపు పెడితే అంచు నుంచి సమాధి దాకా నాలుగడుగులు లేదు. ఆ నాలుగడుగుల్లోనే తొమ్మిది పుల్లలూ ఉన్నాయి. అంచున చిన్న చిన్న కాళ్ళ ముద్రలు ఉన్నాయి. ఆ అంచు కింద మట్టి లేదు, లోపల నీళ్ళు తొలిచేశాయి. పై పొర ఒక్కటే అలా నిలబడి ఉంది.

ముందు సమాధి గురించి కాక ఆ కాళ్ళ గురించే భయం వేసింది. అది రాయడం నాకు ముఖ్యం.

నేరుగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ వసారాలో పత్తి ఆరబోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏమే, సారు ఇంటిదాకా వచ్చారంటే ఏం చేశావే?"

అమ్మాయి లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గరే ఆగింది. నేను అడగకముందే, అందరం కలిసే పాతాం సార్, నేనొక్కదాన్నే కాదు అంది. ఎందుకు పాతారని అడిగాను. వాళ్ళమ్మ గదమాయిస్తే చెప్పింది.

"పదకొండన్నప్పుడు మీరు పాఠం మద్దెలో ఆపేశారు సార్. తొమ్మిదన్న రోజు భిన్నాలన్నీ తప్పు చెప్పారు. మేం అయ్యే రాసుకున్నాం. అందుకే తొమ్మిది దగ్గర ఆపేశాం."

వాళ్ళమ్మ చేత్తో నోరు మూసుకుంది. నవ్వు ఆపుకోవడానికో ఇంకెందుకో నాకు తెలియదు. ఇక ఎవరూ గట్టు మీదికి వెళ్ళకూడదని మాత్రం చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాలి. అప్పుడు చెప్పలేదు. మిగతా ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళి అదే మాట చెప్పి, మా అత్త దగ్గరికి వెళ్ళాను.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. నాలుగడుగులు కూడా లేదు అన్నాను. తొమ్మిదన్నావు గదయ్యా అంది. పిల్లల సంగతి చెప్పాను. ఏడాది తిరగడానికి ఇంకా నెల పైన ఉంది, మీరు వద్దంటే ఆగుతాను అన్నాను. ఆగుతానో లేదో నాకే తెలియదు. ఆమె మంట తగ్గించింది. ఎసరు కాగుతున్నా బియ్యం పోయలేదు.

"దానికి చిన్నప్పట్నించీ నీళ్ళంటే చానా బయం. వాగు దాటాల్సొస్తే నా చంకెక్కేది. పదేళ్ళ పిల్ల."

తీయించెయ్యి అంది. మరి పెద్దవాళ్ళు అన్నాను. వాళ్ళకి నేను చెప్పుకుంటాలే అంది. అప్పుడు బియ్యం పోసింది.

మర్నాడు వాన తెరిపి ఇచ్చాక ముగ్గురు మనుషులు వచ్చారు. మధ్యాహ్నానికి పై గట్టు మీద, తుమ్మచెట్టుకు అవతల పని అయిపోయింది. ఆ ఉదయం గురించి రాయను. ఐదు రోజుల తర్వాత పాత చోటు వాగులోకి జారింది. పుల్లల్లో ఒకటి కొంత దూరంలో కంపకు తగులుకుని కనిపించింది.

బడి తెరిచాక భిన్నాల పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తర్వాత నేల కోత. కోతను పుల్లలు లెక్కపెట్టి కొలవమని చెప్పడం నా తప్పని, పిల్లల్ని గట్టు దగ్గరికి పంపడం అంతకంటే పెద్ద తప్పని చెప్పాను. కదలని చోటు నుంచి కొలవాలి, కాబట్టి తుమ్మచెట్టు నుంచి అంచు దాకా టేపు పట్టాలి అన్నాను. నెలకొకసారి నేనే కొలిచి తెస్తాను, మీరు రాసుకోండి అన్నాను. టేపు చివర పట్టుకోవడానికి పెద్ద మనిషిని తీసుకెళ్తానని కూడా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే అడిగారు.

మొదటి నెల అంకె బల్ల మీద రాశాను. చేతిరాత బాగుండే అమ్మాయి రాసుకోకుండా లేచి నిలబడింది.

"టీచరమ్మ అక్కడ లేదు గదా సార్. ఇంకెందుకు కొలవడం?"

గట్టు ఇంకా పోతోంది అన్నాను. ఆమె కూర్చుని అంకె రాసుకుంది. తర్వాత తల ఎత్తి నా ముఖం చూసింది. మళ్ళీ ఒకసారి నోటుపుస్తకం చూసుకుంది. అంకె దిద్దలేదు.