వైరు మావయ్య తగిలించి చూడందే

వైరు మావయ్య తన ల్యాప్‌టాప్ తగిలించి చూడందే సూర్యుడు తూర్పున ఉదయించాడని కూడా ఒప్పుకోడు. ఆసుపత్రిలో నెట్‌వర్క్ బాగుచేసే ఉద్యోగం ఆయనది. ఎవరి కంప్యూటర్ మొరాయించినా, ఆ కుర్చీలో కూర్చుని, ఆ కేబుల్ పీకి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంటాడు. అప్పటిదాకా "మీ తప్పు" అనడు, "మా తప్పు" అనడు.

చిక్కేమిటంటే ఆ ల్యాప్‌టాప్‌కి పుట్టుకతో కేబుల్ పెట్టుకునే కంతే లేదు. పలచగా ఉండాలని తీసేశారట. "సన్నబడాలని ముక్కు కోసుకుంటారా" అని మావయ్య మూడు రోజులు తిట్టి, నాలుగో రోజు ఒక అడాప్టర్ తెచ్చి తగిలించాడు. అది ఊడిపోకుండా మూతకి రబ్బరు బ్యాండ్లు చుట్టాడు. ఇప్పుడది మోకాలికి కట్టు కట్టినట్టుంటుంది.

"వైఫై ఉందిగా మావయ్యా" అని ఎవరైనా అంటే, "గాలి ఎక్కడ తెగిందో నువ్వు చూపిస్తావా?" అంటాడు.

రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో కొత్తగా చేరినావిడకి మాత్రం ఇవన్నీ విని నవ్వే ఓపిక లేదు. ఉద్యోగం ఖాయం చేసేముందు ఆవిడ పని చూడ్డానికి పెట్టిన ఆరు నెలల గడువు ఆ సాయంత్రంతో తీరిపోతుంది. చూడబోతే ఆవిడ కంప్యూటర్‌కి రోజుకి పదిసార్లు నెట్‌వర్క్ పోతోంది, క్యూ గుమ్మం దాటుతోంది. ఆవిడే ఏదో పాడుచేస్తోందని సూపర్‌వైజరు తేల్చేశాడు. పోయిన ప్రతిసారీ తన గదిలో బీరువా తెరిచి, ఆవిడ ఫైలు తీసి, టైముతో సహా రాసుకున్నాడు.

"ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఈ మచ్చతో మాత్రం నేను ఇంటికి పోను మావయ్యా," అంది ఆవిడ ఆ ఉదయం.

మావయ్య నిమ్మకు నీరెత్తినట్టు ఆవిడ కుర్చీలో కూర్చుని తగిలించాడు. పది నిమిషాల్లో ఆయన ల్యాప్‌టాప్‌కీ నెట్‌వర్క్ పోయింది.

"చూశారుగా?"

"చూశాను. నేను చూస్తే సరిపోదమ్మా," అని సూపర్‌వైజర్ని పిలిచాడు. "సార్, నడుం పట్టేసింది. దీన్ని కాస్త మోస్తారా?"

ఆ ల్యాప్‌టాప్ కిలో కూడా ఉండదు. సూపర్‌వైజరు గొణుక్కుంటూనే మోశాడు. కేబుల్ బయల్దేరే స్టోర్‌రూమ్‌లో, "మీరే తగిలించండి సార్, నాకు చేతులు వణుకుతున్నాయి" అన్నాడు మావయ్య. అక్కడ అరగంటసేపు చూసినా నెట్‌వర్క్ పోలేదు. వరండా మొదట్లో ఉన్న పెట్టె దగ్గర మరో అరగంట చూసినా పోలేదు. కేబుల్ కౌంటర్‌కి పోయే దారిలో ఇక మిగిలింది సూపర్‌వైజరు గది.

"దీనికీ నా గదికీ ఏం సంబంధం? నాకు పనుంది."

"పని చూసుకోండి సార్. ఆవిడ ఫైల్లో టైము కూడా రాసుకోండి."

సూపర్‌వైజరు ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి తగిలించి, బీరువా తలుపు తెరిచాడు. బల్ల మీద ల్యాప్‌టాప్‌కి నెట్‌వర్క్ పోయింది. మూశాడు, వచ్చింది. తెరిచాడు, పోయింది. ఇలా నాలుగుసార్లు అయ్యాక, నేల మీద కూర్చుని బీరువా కిందికి వంగాడు. ముందుకాలి పక్కన కేబుల్ నలిగి ఉంది. తలుపు తీసినప్పుడల్లా బీరువా ముందుకు వాలి దాన్ని అదుముతోంది. ఆవిడ మీద ఫిర్యాదు రాయడానికి ఎన్నిసార్లు తెరిచాడో అన్నిసార్లూ కొత్త ఫిర్యాదు పుట్టిందన్నమాట.

తేలు కుట్టిన దొంగలా లేచి, ఫైల్లో కాగితాలు చింపేశాడు. "పని తృప్తికరం, ఖాయం చేయవచ్చు" అని రాసి సంతకం పెట్టాడు. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆవిడ స్టోర్‌రూమ్‌కి వెళ్ళింది. "మీకు ఎప్పుడు తెలిసింది మావయ్యా?"

"నిన్ననే. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆ గదిలో తగిలించి, బీరువా తీసి చూశాను."

"మరి ఇవాళ ఇంతసేపు ఎందుకు?"

"నేను చెబితే నీ తరఫున వకాల్తా అంటాడు. తన చేత్తో తగిలించుకున్నాక కాదనలేడు కదా."

వరండాలోంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది. "చివరికి నేనే కనిపెట్టాను డాక్టర్‌గారూ. వీళ్ళవల్ల అయ్యే పనా?"

ఆవిడ విసురుగా తలుపు వైపు కదిలింది. మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోనీలేమ్మా. తప్పు నీది కాదని కనిపెట్టింది ఆయనేగా. రేపటినుంచి నిన్నెవరైనా ఒక్కమాటన్నా ఆయనే వాళ్ళతో పోట్లాడతాడు."

ఆవిడ నవ్వాపుకుంటూ కౌంటర్‌కి పోయి, క్యూలో ముందున్న పెద్దాయన్ని పేరడిగింది.