రంపం గొంతు

ఆవిణ్ణి అందరూ రంపం అనే పిలుస్తారు. కన్నతల్లి పెట్టిన పేరు నాకు తెలుసు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరగదు. పగలంతా డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ పని. ముందు కాలరు, తర్వాత చేతులు, చివరికి వీపు. బట్టలు తెచ్చినవాళ్ళతో ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. షాపు యజమాని అయితే, "ఈ మనిషికి నోట్లో నాలుక లేదయ్యా" అని జాలిపడేవాడు. పాపం, ఆయన ఆదివారం సాయంత్రం ఆ పక్క సందులోకి ఎప్పుడూ తొంగిచూడలేదు.

ఆ సందులో వాళ్ళ బావకి స్కూటర్లు బాగుచేసే గ్యారేజీ ఉంది. ఆదివారం సాయంత్రం షట్టరు సగానికి దించి ఉంటుంది. లోపలికి వెళ్ళాలంటే ఎంత మొనగాడైనా నడుం వంచాల్సిందే. స్కూటర్లన్నీ గోడకి చేరేసి, మధ్యలో నూనె మరకల మీద అట్టపెట్టెలు పరిచేవాళ్ళు. బావ గిటారు. గ్యాస్ సిలిండర్లు మోసే డబ్బా అనే కుర్రాడు డ్రమ్ములు. అందులో అసలు డ్రమ్ము ఒకటే, మిగతావన్నీ ఖాళీ రంగు డబ్బాలు. వాడికి ఆ పేరు అలా వచ్చిందే. పాత రేడియో పెట్టెని విప్పి బావే యాంప్లిఫయర్ తయారు చేశాడు. అది పాటకి ముందు గుర్రుమనేది, పాట అయ్యాక కూడా గుర్రుమనేది.

వాళ్ళు వాయించే ఆ రకం పాటని పంక్ అంటారని బావే నాకు చెప్పాడు. "గిటారు మీద మూడు పట్లు వస్తే చాలు. నాలుగోది నేర్చుకున్నవాడు అమ్ముడుపోయినట్టే" అనేవాడు. టిక్కెట్టు లేదు. కుర్చీలు లేవు. క్యాసెట్టు కావాలంటే నీ దగ్గరున్న ఇంకో క్యాసెట్టు ఇచ్చి తీసుకోవాలి, అంతే గానీ కొనడం, అమ్మడం ఉండదు. వచ్చేవాళ్ళు ఎవరనుకున్నారు? వెల్డింగు పనివాళ్ళు, హోటల్లో అంట్లు తోమేవాళ్ళు, డ్యూటీ దిగిన ఆసుపత్రి ఆయమ్మలు. వారమంతా "సరే సార్" అని అని అరిగిపోయిన నోళ్ళు.

రంపం అందులోకి వచ్చిన తీరే ఒక తమాషా. ఓ ఆదివారం పాడేవాడు రాలేదు. బావ మైకు ఆన్ చేసి వాడికోసం చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే ఈవిడ షట్టరు కింద నుంచి దూరి వచ్చింది, నేరుగా మైకు పక్కకే.

"ఏం బావా, అక్కడ అక్క నీకోసం తిండి మాని కూర్చుంటే, ఇక్కడ ఈ రేకుల మోత ఏంటి? సిగ్గుందా నీకు?"

ఆ "సిగ్గుందా" అనే మాట యాంపులోంచి గోడల్ని గీరుకుంటూ వెళ్ళింది. జనం ఈల వేశారు. డబ్బా ఊరుకోకుండా వెనక దరువు వేశాడు. "సిగ్గుందా, సిగ్గుందా" అని అందరూ అందుకున్నారు. అదే మొదటి పాట.

"మరదలా, నీ గొంతేంటే, తుప్పు పట్టిన రంపంలా ఉంది!" అన్నాడు బావ.

"నీ తల కొయ్యడానికే" అంది ఈవిడ.

అక్కణ్ణించి ప్రతి ఆదివారం ఆవిడే. పాటలు రాసుకునేది కాదు, చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. ఇస్త్రీ చేస్తూ కట్టేది. "అందరి ముడతలూ తీశాను, నా మొహం ముడత ఎవడు తీస్తాడు" అని ఒకటుండేది. అది పాడుతుంటే అంట్లు తోమే మనిషి ఒకామె గోడకి నుదురు ఆనించి ఏడవడం నేను చూశాను.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆ గొంతు ఇంకా బొంగురుపోవడం మొదలైంది. ఇంకెక్కడైనా అయితే నలుగురూ "ఏమైందమ్మా" అని అడుగుతారు. అక్కడ మాత్రం గొంతు ఎంత పగిలితే అన్ని ఈలలు. "ఇవాళ రంపం ఇనుము కోసింది రా!" అనుకుంటూ పోయేవాళ్ళు. ఆవిడ కూడా మురిసిపోయేది. మింగేటప్పుడు ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటోందని అక్కతో ఒక్కదానితోనే అంది. అక్క ఊరుకునే రకం కాదు. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు మందులిచ్చాడు. గొంతుకి విశ్రాంతి ఇమ్మన్నాడు. "వాపు తగ్గాక మళ్ళీ రండి, లోపలికి గొట్టం వేసి చూడాలి" అన్నాడు. మందులు పనిచేశాయి, అదే వచ్చిన చిక్కు. గొంతు కాస్త తేరుకుంది. ఆ ఆదివారం పాడితే జనం చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు.

"ఏంటక్కా, తేనె తాగొచ్చావా?" అని ఎవడో వెనక నుంచి అన్నాడు. అందరూ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. ఇంటికెళ్ళి మందు బిళ్ళలన్నీ పెరట్లో పారబోసింది. అదే సమయానికి వేరే ఊరి నుంచి ఇద్దరు కబురు పంపారు. వాళ్ళు పడకగదిలో కూర్చుని ఇలాంటి పాటలు క్యాసెట్టుకి ఎక్కించి ఊరూరా పంపుతారట. రంపం పాటలు ఎక్కించుకోవడానికి వస్తామన్నారు.

"ముందు ఆ గొట్టం వేయించుకోవే. పాట ఎక్కడికి పోతుంది?" అంది అక్క.

"గొంతు బాగుపడితే ఎవరొస్తారే అక్కా? బాగున్న గొంతులు రేడియోలో బోలెడున్నాయి."

అక్క మొగుడి మీద పడింది. "నువ్వైనా చెప్పవేం? అది నీ మాటే వింటుంది."

బావ స్పానరు తుడుచుకుంటూ, "ఈ ఒక్క క్యాసెట్టూ కానీవే. తర్వాత నేనే దగ్గరుండి తీసుకెళ్తాను" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తను కట్టిన ఆ రేడియో పెట్టెలోంచి వచ్చిన పాట ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళు వింటారన్న ఆశ మనిషిని గుడ్డివాణ్ణి చేసింది.

వాళ్ళిద్దరూ రావడం ఆలస్యం అయింది. వర్షాలట, మిషను పాడైందట. ఆవిడ మాత్రం ఆ గొంతుని కాపాడుకుంటూ కూర్చుంది, బాగుపడకుండా కాపాడుకుంటూ. చివరికి వచ్చారు, ఎక్కించారు. చెవులకి తగిలించుకుని వింటున్నవాడు మధ్యలో తీసి పక్కన పెట్టి, "అమ్మా, ఈ గొంతు నీకెక్కడ దొరికింది?" అన్నాడు. ఆవిడ బయటికెళ్ళి కుళాయి దగ్గర ఉమ్మింది. ఎర్రగా పడింది. నీళ్ళు పోసి కడిగేసి, వచ్చి రెండో పాట పాడింది.

తర్వాత బావ మాట నిలబెట్టుకున్నాడు, దగ్గరుండి తీసుకెళ్ళాడు. డాక్టరు గొట్టం వేసి చూసి, క్యాన్సరన్నాడు. మొదట చెప్పినప్పుడే వచ్చుంటే గొంతు మిగిలేదన్నాడు. ఇప్పుడు మనిషి మిగలాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నాడు. తీసేశారు.

ఇప్పుడు మెడ ముందు ఒక చిల్లు. ఊపిరి అందులోంచే. పైన పల్చటి గుడ్డ కట్టుకుంటుంది. ఆసుపత్రిలో నర్సు పలక ఇచ్చి "కావలసింది దీని మీద రాయమ్మా" అంటే, తిరిగి ఇచ్చేసింది. పెదాలు కదిలిస్తుంది, అంతే. అక్కకి సగం అర్థమయ్యేది, సగం ఏడుపు అడ్డొచ్చేది. బావకి మాత్రం పొల్లు పోకుండా తెలిసేది. అంత మోతలో అన్నేళ్ళు ఒకరి పెదాలు ఒకరు చూసుకునే కదా పాట ఎత్తుకున్నది, దించింది. దాంతో ఆవిడ ఏమందో లోకానికి చెప్పే పని ఆయనకి పడింది. కూరగాయల బండి దగ్గరా ఆయనే, షాపు యజమాని దగ్గరా ఆయనే. యజమాని పనిలోంచి తియ్యలేదు. ఆయనకి పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

గ్యారేజీ షట్టరు ఆదివారాలు పూర్తిగా దించేశారు. బావ దిగాలుగా స్కూటర్లు విప్పేవాడు, బిగించేవాడు. ఈలోగా ఆ క్యాసెట్టు ఊళ్ళు తిరిగింది. ఎక్కడెక్కడి నుంచో జనం ఆ గొంతు కోసం సందులోకి వచ్చి, మూసిన షట్టరు చూసి పోయేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి పోలేదు. మందుల షాపులో పనిచేసే పిల్ల. రంపం పాటలన్నీ నోటికొచ్చు. "ఒక్కసారి పాడనివ్వండి అన్నా" అని బావని బతిమాలింది. షట్టరు మళ్ళీ సగానికి లేచింది.

ఆ సంగతి తెలిసి, ఓ రోజు మధ్యాహ్నం రంపం ఇస్త్రీపెట్టె ఆపి గ్యారేజీకి వెళ్ళింది. వాళ్ళు సాధన చేసుకుంటున్నారు. పిల్ల పాడుతోంది. పాడటం అంటే ఏమిటి, గొంతుని గచ్చు మీద ఈడుస్తోంది. రంపాన్ని చూడగానే ఆపేసి, మొహం వెలిగిపోతుండగా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! నీ గొంతు రావాలని పొద్దున్నే గంటసేపు అరుస్తున్నాను. ఇప్పుడు మంచినీళ్ళు మింగినా గుచ్చుకుంటోంది. వచ్చేస్తున్నట్టే కదక్కా?"

రంపం మెడ మీది గుడ్డ విప్పి చిల్లు చూపించింది. ఆ పిల్ల దాన్ని చూడలేదని కాదు, చూసింది. గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూసింది.

రంపం పెదాలు కదిలించింది. మళ్ళీ కదిలించింది. తల అడ్డంగా ఊపింది. తన మెడ, ఆ పిల్ల మెడ చూపించి చేతులు తిప్పింది.

"అన్నా, అక్క ఏమంటోంది?" అంది పిల్ల.

బావ గిటారు తీగ ఒకటి బిగించాడు. తలెత్తకుండానే, "ఇది చాలదంటోంది. ఇంకా గట్టిగా పాడమంటోంది" అన్నాడు.

పిల్ల ఒక్క ఉదుటున రంపాన్ని వాటేసుకుంది. రంపం చేతులు రెండూ కిందికే వేలాడుతున్నాయి. ఆ పిల్ల భుజం మీదుగా బావ వంకే చూస్తోంది. బావ మూడు పట్లలో మొదటిది పట్టాడు. యాంపు గుర్రుమంది.

ఇదంతా నాకు చెప్పింది డబ్బాయే. సిలిండరు దించి, చెమట తుడుచుకుంటూ చెప్పాడు.

"నీకు తెలుసు కదరా ఆవిడ ఏమందో" అన్నాను.

"తెలియకేం. అక్క పెదాలు నాకూ తెలుసు. 'ఆపెయ్యవే తల్లీ, చచ్చిపోతావే' అంది."

"మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావు?"

"నన్నెవరడిగారు? వెనక కూర్చుని వాయించేవాణ్ణి" అన్నాడు. ఖాళీ సిలిండరు భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఆదివారం రా. జనం పట్టట్లేదు. ఆ పిల్ల గొంతు రోజురోజుకీ చీలిపోతోందనుకో" అన్నాడు.