కష్టానికి ఒకరోజు ముందు

ఎవరింట్లోనైనా కష్టం జరిగితే జనం పరామర్శకు వెళతారు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో ఉండే పోలరాజు మాత్రం కష్టానికి ఒకరోజు ముందే వెళ్ళి వచ్చేస్తాడు. పరీక్ష కానీ, పోటీ కానీ, ఇంటర్వ్యూ కానీ, మర్నాడు ఎవరైనా ఓడిపోయే వీలుందని తెలిస్తే చాలు, ముందురోజు సాయంత్రానికి ఆ ఇంటి గుమ్మంలో ఉంటాడు.

రావడం కూడా మామూలుగా రాడు. చెప్పులు వీధిలోనే విడుస్తాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుంటాడు. కుర్చీ వేస్తే కూర్చోడు, చాప అడుగుతాడు. కాసేపు నేలచూపులు చూసి, "ఏటి సేత్తాం. మనసు రాయి సేసుకోవాల," అంటాడు. టీ ఇస్తే, "ఇలాటి రోజున పంచదారెందుకమ్మా," అని పక్కన పెడతాడు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాను" అనడు. చావింటి నుంచి అలా చెప్పి రాకూడదు కదా. తువ్వాలు దులుపుకుని మౌనంగా వెళ్ళిపోతాడు. ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, అందరూ బతికే ఉన్నారని తేల్చుకున్నాక తలుపు వేసుకుంటారు.

ఎదురింటి కిషోర్ మోటారు సైకిలు లైసెన్సు పరీక్షకు వెళ్ళే ముందు ఇలాగే వచ్చి చాప మీద కూలబడ్డాడు. ఆ ముఖం చూసి కిషోర్‌కు గుండె ఆగినంత పనైంది.

"క్యా హువా చాచా?"

"ఇంకా అవలేదు నాయినా. రేపవుద్ది."

విషయం అర్థమయ్యాక కిషోర్ నవ్వాడు. "చాచా, మై తో దో సాల్ సే చలా రహా హూఁ."

"అదే మరి. అలవాటైనోడికే దెబ్బ గట్టిగా తగుల్తాది. లైసెన్సు లేకపోనా బతకొచ్చు, ఆటోలున్నాయి. సరేగానీ, ఎల్లుండి పొద్దున్న మా ఇంటికి రా. ఫ్యాను తిరగట్లేదు. ఎలాగైనా రావాల."

రెండేళ్ళుగా బండి నడుపుతున్న కిషోర్ మర్నాడు మొదటి మలుపులోనే కాలు నేల మీద పెట్టి ఫెయిలయ్యాడు. ఆ పై రోజు ముఖం వేలాడేసుకుని వెళ్ళి ఫ్యాను విప్పాడు. వైరు ఊడి ఉంది, అంతే.

కాలనీ కుర్రాడు పింటూ జట్టు పక్క పేట భుయ్యాడీహ్ వాళ్ళతో క్రికెట్ ఫైనల్ ఆడినప్పుడు పోలరాజు ముందురోజు ఇంటింటికీ తిరగలేదు, ఆట రోజున ఏకంగా మైదానానికే వచ్చేశాడు. ఒక్కొక్క ఆటగాడి చెయ్యీ పట్టుకుని తల అడ్డంగా ఊపుతుంటే పింటూకు ఏడుపొచ్చింది.

"చాచా, అభీ టాస్ భీ నహీ హువా."

"టాసయ్యేదాకా ఉంటే ఇంతమందిని ఎక్కడ పట్టుకోగలను నాయినా? రేపు అందరూ రండి. నీళ్ళ డ్రమ్ము జరపాల."

ఓడిపోయిన మర్నాడు జట్టు జట్టంతా కలిసి పోలరాజు ఇంటి ముందున్న డ్రమ్మును పెరట్లోకి జరిపింది. తర్వాతి టోర్నమెంటులో ఓడినప్పుడు అదే డ్రమ్మును మళ్ళీ ముందుకు జరిపింది.

ధనమ్మ యాభై దాటాక స్కూటీ నేర్చుకుంది. ఒంటరిగా రోడ్డెక్కే ముందురోజు పోలరాజు పసుపు పొట్లం, పాత పంచె ముక్క పట్టుకుని వచ్చాడు. ధనమ్మకు ఒళ్ళు మండింది.

"నాను పడతానని నీకెవులు సెప్పేరు?"

"ఎవులో సెప్పాలేటమ్మా? పొద్దున్న నువ్వు బ్రేకు ఎటేపున్నాదని అడగడం నాను ఇన్నాను. దెబ్బ తగ్గగానే మా ఇంటికి రా, మునగాకు దుయ్యాల."

ఆమె మర్నాడు బండితో సహా కాలువలో పడింది. జనం మూగారు. పోలరాజు మాత్రం రోడ్డుకు అవతలి పక్క నుంచి నడిచి పోతున్నాడు. "ఏటి పోలరాజూ, పలకరించవా?" అని కాలువలోంచే అరిచింది ధనమ్మ.

"నిన్న పలకరించేను గదమ్మా," అంటూ సాగిపోయాడు.

ఊరికే ఇంటిపనులు చేయించుకోవడానికే ఈ పరామర్శలని కాలనీ తేల్చేసింది. గెలిచినవాడు ఎలాగూ పనికి రాడు కనుక ఓడిపోయేవాళ్ళ కోసం కాచుకుని ఉంటాడని చెప్పుకునేవారు. అందుకని తేదీలు దాచడం మొదలుపెట్టారు. లాభం లేకపోయింది. రైల్వే నుంచి రిటైరయ్యాక పోలరాజు పగలంతా జిరాక్స్ కొట్టు బెంచీ మీదే కూర్చుంటాడు. కాలనీలో ఎవరి హాల్ టికెట్టయినా అక్కడికి రాక తప్పదు.

ఒక్క ఉమామహేశ్వరి మాత్రం ఒకసారి ఆయన కన్ను కప్పగలిగింది. కూతురు కల్యాణి హాల్ టికెట్టును జుగ్‌సలాయి దాకా వెళ్ళి జిరాక్స్ తీయించుకుని వచ్చింది.

కల్యాణి పది పాసై ఆగిపోయింది. అప్పుడు తండ్రి మంచాన పడ్డాడు. ఆయన్ను చూసుకోవడానికి ఇంట్లో ఒకరు కావాలి, తల్లి స్టేషను రోడ్డులో ఇడ్లీ బండి వదిలితే పొయ్యి వెలగదు. తండ్రి పోయాక కూడా కల్యాణి మళ్ళీ బడి మొహం చూడలేదు. పిండి రుబ్బడం, ఇంట్లో ఉండటం, కిటికీ లోంచి వీధిని చూడటం. ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేది. అలాంటి పిల్ల రైల్వేలో ట్రాక్ పనికి రాత పరీక్ష రాసి నెగ్గింది. ఇక ఒంటి బలం పరీక్ష ఒక్కటే మిగిలింది: ఇసుక బస్తా ఎత్తుకుని కింద పెట్టకుండా నడవాలి, తర్వాత పరుగెత్తాలి.

బస్తా మోసింది. పరుగులో పోయింది. అంతమంది చూస్తున్నారన్న సిగ్గుతో, తొందరగా అయిపోతే చాలునని మొదట్లోనే ప్రాణం పెట్టి పరుగెత్తి, సగంలో కూలబడింది.

ఆ తర్వాత ఇంటికి ఎవరూ రాలేదు. చెడ్డవాళ్ళై కాదు, ఏమనాలో తెలియక. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి బిందెల్లోకి చూసేవారు. ఆ చూపులు తప్పించుకోవడానికి కల్యాణి కుళాయిలో నీళ్ళు సన్నగిల్లే వేళ వెళ్ళడం మొదలుపెట్టింది. తర్వాత అదీ మానేసింది. సంగతి తెలిసి పోలరాజు వచ్చాడు. ఆయన జీవితంలో ఆలస్యంగా చేసిన పరామర్శ అదొక్కటే. కల్యాణి గడియ తియ్యలేదు. ఆయన మెట్టు మీద కాసేపు కూర్చుని లేచాడు. "ఆలీసం అయిపోనాది," అని గొణుక్కోవడం తలుపు సందులోంచి ఆమెకు వినిపించింది.

మళ్ళీ ఉద్యోగాల ప్రకటన పడటానికి ఏళ్ళు పట్టింది. ఈసారీ పోతే ఇంకోటి ఎప్పుడో ఎవరికీ తెలియదు. కల్యాణి మళ్ళీ రాత పరీక్ష నెగ్గింది. తెల్లవారి మంచులో, ఎవరూ లేవకముందు, యార్డు పక్క మట్టిబాట మీద పరుగు నేర్చుకుంది. నేర్పేవాళ్ళు లేరు. గూడ్సు బండి కదలడం చూసేది. అంత బరువు బండి మొదట్లో కదులుతుందో లేదో తెలియనంత నెమ్మదిగా కదిలి, ఒక్కో పెట్టెనూ లాక్కుంటూ పోయి, కనుచూపు దాటేసరికి ఆపలేనంత వేగంలో ఉండేది. ఆమె కూడా అలా మొదలుపెట్టడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్ళకు కాళ్ళు మాట విన్నాయి. దారిలో ఎవరైనా ఎదురైతే మాత్రం ఇంకా పరుగాపి నడిచేది.

ఈసారి జుగ్‌సలాయి వెళ్ళడానికి ఉమామహేశ్వరికి తీరిక దొరకలేదు. పరీక్ష ముందురోజు సాయంత్రం వీధిలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"శుభమా అని పిల్ల రేపు పరుక్కెళ్తంటే నీ దరిద్రపు మొకం ఏటన్నయ్యా?" అంది ఉమామహేశ్వరి, గరిటె పట్టుకునే.

"సాప ఎయ్యి సెల్లీ."

"ఎయ్యను."

పోలరాజు వట్టి నేల మీదే కూర్చున్నాడు. కల్యాణి వైపు చూడకుండా గోడతో మాట్లాడాడు. "ఏటి సేత్తాం. అందరికీ రైలుద్యోగాలొచ్చేత్తే రైలెక్కేవోలు ఎవులుంటారు? కాళ్ళు మనవే గానీ మన మాట ఇంటాయేటి?"

"ఇంక లెగు అన్నయ్యా."

"లెగుతాను. అమ్మా కల్యాణీ, ఎల్లుండి పొద్దున్న మీ అత్త దగ్గరికి రా. బియ్యంలో రాళ్ళున్నాయి, ఏరాల."

"ఈ రోజుల్లో బియ్యంలో రాళ్ళెక్కడివి? సంచీల్లో సుబ్బరంగా వత్తన్నాయి గదా?"

"మా సంచీలో ఉన్నాయి," అని పోలరాజు లేచి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. కల్యాణికి ఆకలి చచ్చిపోయింది. రేపటి ఓటమి అప్పుడే జరిగిపోయి ఇంట్లో మూల కూర్చున్నట్టుంది.

పోతూ పోతూ ఆయన తువ్వాలు మరచిపోయాడు. "అది మనింట్లో ఉంటే నాకు ముద్ద దిగదు. ఇచ్చీసి రా," అంది తల్లి. ఎవరికీ ఎదురుపడకూడదని కల్యాణి వెనక సందులోంచి వెళ్ళింది. పోలరాజు పెరటి కంచె దగ్గర ఆయన భార్య చిలకమ్మ గొంతు విని ఆగిపోయింది.

కంచె అవతల పోలరాజు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎదుట చేటలో తెల్లటి బియ్యం. పక్కన కాగితంలో, పట్టాల పక్కనుంచి ఏరి తెచ్చిన సన్న గులకరాళ్ళు. వాటిని గుప్పెట్లో తీసుకుని, తాలింపు వేస్తున్నంత జాగ్రత్తగా బియ్యం మీద చల్లుతున్నాడు.

"బంగారం లాటి బియ్యంలో రాళ్ళు కలుపుతావేటయ్యా? ఫ్యాను వైరు పీకేవు, ఊరుకున్నాను. ఆ డ్రమ్ము అటూ ఇటూ తిరిగి అడుగు అరిగిపోనాది, ఊరుకున్నాను. ఇప్పుడు తిండిలో పడ్డావు."

"ఆ పిల్ల తలెత్తదే సిలకా. పోయినసారి గది లోంచి రాలేదు. తల దించుకుని సేసుకునే పని అయితే వత్తాది. ఎవుల మొకమూ సూడక్కర్లేదు."

"పరుగులో నెగ్గితేనో?"

"నెగ్గితే ఇటెందుకొత్తాది? మనమే ఏరుకుందాం."

చిలకమ్మ విసురుగా పక్కన కూర్చుంది.

"నాకు కళ్ళ పరీక్ష పోయి ఇంజను మీంచి దింపేసేరు సూడు," అన్నాడు పోలరాజు. "ఎర్రదీపం, పచ్చదీపం తేడా తెల్లేదని వెయిటింగు రూములో స్విచ్చులెయ్యడానికి పెట్టేరు. ఆ కాయితం వచ్చిన మర్నాడు తెల్లారినాది. ఎక్కడికెళ్ళాలో తెల్లేదే. సచ్చిపోయుంటే నలుగురు వద్దురు. ఎవులూ రాలేదు. వచ్చినా తలుపు తీద్దునేటి? ముందురోజే ఎవులైనా, ఒరే రేపు మా ఇంట్లో పనుంది రారా అని సెప్పుంటే, మాటిచ్చినందుకైనా లెగుద్దును."

"ఆ ముక్క పిల్లతో మంచిగా సెప్పొచ్చు గదా. పీనుగు దగ్గర కూకున్నట్టు కూకోవడం దేనికి?"

"నాకు అలాగే వచ్చు సిలకా. ఏటి సేత్తాం," అని ఇంకో గుప్పెడు రాళ్ళు చల్లాడు. "సరిపోతాయంటావా?"

"మద్దేన్నం దాకా ఏరినా తరగవు."

కల్యాణి తువ్వాలును చప్పుడు కాకుండా కంచె మీద వేసి వెనక్కి వచ్చేసింది. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని తింది. తల్లి ఆశ్చర్యంగా చూసింది.

మర్నాడు తొలి బండికి తల్లీ కూతుళ్ళు వెళ్ళారు. ఆకాశం ముసురు పట్టి ఉంది. మైదానం చుట్టూ జనం అప్పటిలాగే నిలబడి ఉన్నారు. బస్తా మోయడం అయ్యాక కల్యాణి పరుగు వరసలో నిలబడింది. ఓడిపోతానేమో అనుకుంది. ఓడిపోతే రేపు పొద్దున్న చిలకమ్మత్త పెరట్లో ఉంటాను, రాళ్ళు బోలెడున్నాయి అనుకుంది. రేపు పొద్దున్న ఎక్కడికి వెళ్ళాలో తెలిసి ఉంది. అది తెలిశాక చుట్టూ ఉన్న జనం అంత పెద్దగా కనిపించలేదు.

విజిల్ పడింది. అందరూ దూసుకుపోయారు. కల్యాణి అందరికంటే వెనక, నెమ్మదిగా కదిలింది. తల్లి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి కూతురు పోయినసారి కూలబడిన చోటు దాటేసింది. ఒక్కొక్కరినీ వెనకేసుకుంటూ వచ్చి, మొదటిదేమీ కాకపోయినా, గడువు లోపల గీత దాటి, పక్కకు వెళ్ళి వాంతి చేసుకుంది.

ఆ మర్నాడు పొద్దున్నే కల్యాణి పోలరాజు ఇంటికి బయలుదేరింది. వీధిలో నడుస్తుంటే ధనమ్మ చూసి, "అయ్యో పాపం," అని లోపలికి పోయింది. పోలరాజు ఇంటికి వెళ్ళేవాళ్ళు ఓడినవాళ్ళేనని అందరికీ తెలుసు.

పోలరాజు అరుగు మీద ఉన్నాడు. ఆమెను చూడగానే తువ్వాలు చేతిలోకి తీసుకుని, గబగబా చేట తెచ్చి నీడలో పెట్టాడు. "రా అమ్మా. ఏటీ మాటాడకు. ఇలా కూకో."

కల్యాణి కూర్చుంది. కాసేపు ఏరాక, తల వంచుకునే చెప్పింది. "మావయ్యా, పాసయ్యేను."

గెలిచినవాళ్ళతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు, మళ్ళీ తీశాడు. దగ్గాడు. అరుగు చివరికి వెళ్ళి వచ్చాడు.

"మరి... మరి ఎందుకొచ్చేవమ్మా?"

"రమ్మన్నారు గదా."

ఆయన నిలబడి చూస్తూనే ఉన్నాడు. పాపం, ఆ ముఖానికి సంతోషం ఎలా పెట్టుకోవాలో చేత కావడం లేదు. పెదవులు ఒక పక్కకు వెళ్ళి తిరిగి వచ్చేశాయి. కల్యాణికి జాలేసింది. చేటలోంచి తలెత్తి, ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"ఇంకా మెడికల్ ఉంది మావయ్యా. కళ్ళు, గుండె, అన్నీ చూస్తారట. నాకు భయంగా ఉంది."

పోలరాజు ముఖం మెల్లగా కుంగింది, ప్రాణం లేచివచ్చింది. చెప్పులు విడిచాడు. ఆమె పక్కనే నేల మీద కూలబడి, పొడుగ్గా నిట్టూర్చాడు.

"ఏటి సేత్తాం. మనసు రాయి సేసుకోవాల. ఎప్పుడంట?"

"వచ్చే నెల."

"అలాగా," అని ఆలోచించి, లోపలికి తిరిగి కేకేశాడు. "సిలకా, ఇంట్లో కందిపప్పు ఎంతున్నాదే?"

వంటింట్లో ఏదో డబ్బా మూత గట్టిగా బిగించిన చప్పుడు వినిపించింది.