యాడికి నాయినా?

లోకం అంతమైపోయినట్టు కనబడే జాగా ఒకటి కావాలని మక్తల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ స్కూటీ మీద తిరిగాం, నేనూ మా ఆయనా. దొరకలేదు. నా చిన్నప్పుడైతే ఇంటి వెనక్కి వెళ్తే చాలు. పగుళ్లిచ్చిన చెరువు, ఆకు లేని తుమ్మలు, ఎండకు బూడిద రంగుకు తిరిగిన మెట్ట చెల్కలు. ఎన్ని సినిమాలకైనా సరిపోయేంత అంతం మా ఒక్క ఊరికే ఉండేది. తీరా నా చేతికి కెమెరా వచ్చేసరికి తెలంగాణ వచ్చింది, తర్వాత కాలువ నీళ్లొచ్చాయి, ఎటు చూసినా వరి. కరువు వచ్చిందని తిట్టుకునేవాళ్లను బోలెడు మందిని చూశాను గాని, కరువు లేదని తిట్టుకుంది మా దిక్కున బహుశా నేనొక్కదాన్నే.

మేమిద్దరం మక్తల్‌లో పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతాం. మా ఆయన తీస్తాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చొని కత్తిరించి అతికిస్తాను. ఊరందరి అప్పగింతల ఏడుపులూ అతికించీ అతికించీ, నాకూ సొంతంగా ఒక ఏడుపు తీయాలనిపించింది. లోకాంతం సినిమాలు కొన్ని చూశాను. వాటిలో ఎప్పుడూ అద్దాల మేడలే కూలుతాయి. మా ఊళ్లో కూలడానికి నీళ్ల ట్యాంకు తప్ప ఏముంది? మా దగ్గర లోకం అట్లా ఢమాల్‌మని పోదు. బోరులో నీళ్లలాగా కొంచెం కొంచెంగా అడుగంటుతుంది. అట్లాంటి అంతాన్ని తీద్దామన్నాను. మా ఆయన ఆలోచించి, డ్రోన్ వాడొచ్చా అని అడిగాడు.

కథ చిన్నదే. భూమ్మీద నీళ్లు అయిపోయాయి. మిగిలింది ఒక తండ్రి, ఒక బిడ్డ, ఒక సీసాలో సగం నీళ్లు. బిడ్డను బతికించుకోవాలంటే తండ్రి ఎక్కడికైనా వెళ్లి నీళ్లు వెతకాలి. సీసా బిడ్డకు వదిలి లేస్తాడు. "యాడికి పోతున్నవ్ నాయినా?" అని బిడ్డ అడుగుతుంది. అతను జవాబు చెప్పకుండా నడిచిపోతాడు. కెమెరా అతని ముందు ఉంటుంది. అంతే సినిమా.

నిజానికి నాకు కావలసింది ఆ ఆఖరి ముక్క ఒక్కటే. నా చిన్నప్పుడు నాయిన ఏటా కట్టడాల పనికి బొంబాయి వెళ్లేవాడు. మా దిక్కు నుంచి సగం ఊరు వెళ్లేది. తెల్లారీ తెల్లారకముందే బస్సు. నాయిన చేతిలో వస్తువు నిలవదని అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఊరెళ్లే రోజైతే మరీ. గడప దాటబోతూ ఇత్తడి చెంబు ఖంగుమని కిందపడేసేవాడు. ఆ చెంబు నిండా సొట్టలే. ఆ చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. కళ్లు తెరవకముందే "యాడికి నాయినా?" అని అరిచేదాన్ని.

బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుంది. అడిగారో, ఆ మనిషి వెనక్కి వచ్చి కాసేపు కూర్చోవాలి, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. "దూరమా అని అడగాలె పిల్లా, యాడికి అంటరా?" అని అమ్మ నా నెత్తిన మొట్టేది. నేను నేర్చుకోలేదు. నేర్చుకుంటే నష్టం నాకే కదా. ఆ ఒక్క మాటతో నాయిన చెంబెడు నీళ్లు తాగేంత సేపు ఇంట్లో ఉండేవాడు. గడప మీద వాకిలి వైపు తిరిగి కూర్చొని తాగి, మూట భుజాన వేసుకొని వెళ్లిపోయేవాడు.

అంటే నేను చూసింది ఎప్పుడూ వీపే. ఆ సమయంలో ముఖం ఎట్లా ఉండేదో నాకు తెలియదు. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు కనుక, మమ్మల్ని వదిలి పోవడం ఆయనకు పెద్ద కష్టమేమీ కాదని చాలా ఏళ్లు అనుకున్నాను. అనుకుని కోపంగా కూడా ఉన్నాను. సినిమా పేరుతో కెమెరాను అటువైపు పెట్టి ఆ ముఖం ఒక్కసారి చూడాలని నా ఆశ. దానికి సినిమా ఎందుకు, నోటితో అడగొచ్చు కదా అంటారేమో. మా నాయినను అట్లాంటివి అడిగితే బర్రెకు గడ్డేసిండ్రా అని మాట మారుస్తాడు.

తండ్రి వేషం నువ్వే వేయాలి అంటే, "నేను యాక్టింగ్ జేసుడేంది బిడ్డా" అని సిగ్గుపడ్డాడు. అదే సాయంత్రం వెళ్లి నున్నగా గడ్డం గీయించుకొని, మీసాలకు రంగేసుకొని వచ్చాడు. లోకం అంతమయ్యాక మంగలి ఎక్కడుంటాడని నేను నెత్తి కొట్టుకున్నాను. గడ్డం మళ్లీ మొలిచేదాకా ఆగాం.

ఈలోగా జాగా దొరికింది. మా ఊరి పక్కనే గుట్ట మీదికి ఎక్కిన చెల్క. కాలువ నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు. రాళ్లు, రప్పలు, ఎండిన గడ్డి. చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. దాని యజమానురాలు ఒక ముసలవ్వ. విషయం చెప్పగానే ఆమెకు మండింది.

"నా చెల్క పాడువడ్డ దునియలెక్క కనవడ్తాందా నీకు? బంగారమసొంటి కందులు పండిన చెల్క ఇది!"

"పాడువడ్డదని కాదవ్వా, జర ఎండింది గదా అని."

"వాన వడ్డ తెల్లారే ట్రాక్టర్ తోలిస్త. గంతవరకే తీస్కో. ఇంగ నా మేకలు గూడ సినిమల పడాలె."

నీళ్లు లేక జంతువులన్నీ చచ్చిపోయాయి అవ్వా అని కథ చెప్పాను. దునియ పాడైతే మనిషి చస్తాడు గాని మేక ఎందుకు చస్తుందని ఆమె అడిగింది. మేకలు దూరంగా, మసకగా పడతాయని మా ఆయన ఒప్పందం కుదిర్చాడు.

తీసే రోజు పొద్దున్నే నాయిన వచ్చాడు. తెల్లటి ధోవతి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. చినిగిన బట్టలు ఇస్తే చేత్తో పట్టుకోలేదు. "బిడ్డ స్టూడియో నడుపుతాంది, తండ్రి చింపులేసుకున్నడా అని నలుగురు నవ్వరా?" మట్టి చల్లబోతే రెండడుగులు వెనక్కి గెంతాడు. నా కూతురికి అప్పటికి ఎనిమిదో తొమ్మిదో. లోకంలో మిగిలిన ఆఖరి పిల్ల వేషం దానిది. అమ్మ దాని తలకు నూనె పెట్టి, రెండు జడలు వేసి, కనకాంబరాలు తురిమింది. జుట్టు చెదరగొడతానంటే, "తల్లి సచ్చిందా, జుట్టు ఇరబోసుకునేతందుకు?" అని అమ్మ నా మీదికే వచ్చింది. కథలో తల్లి చచ్చిపోయిందన్న సంగతి నేను ఆమెకు చెప్పలేదు. పూలు మాత్రం తీయించాను, జడలు ఉంచాను.

దారిన పోయేవాళ్లు ఆగి "ఎవలి పెండ్లి?" అని అడిగిపోతున్నారు. మాతో ఉన్నది ముసలాయనా చిన్నపిల్లా అని చూసి ఇంకా వింతగా చూస్తున్నారు. ఇట్లా తిప్పలు పడి ఆఖరి ముక్క దాకా వచ్చాం. కెమెరాను నాయినకు ఎదురుగా, దూరంగా పెట్టించాను. సీసా బిడ్డ చేతికిచ్చాడు. లేచాడు. నడిచాడు. నేను కెమెరా చిన్న తెర మీదికి వంగాను.

"యాడికి పోతున్నవ్ నాయినా?" అని నా కూతురు గుక్కపట్టి అరిచింది.

నాయిన ఆగాడు. వెనక్కి తిరిగాడు. వెళ్లి రాయి మీద కూర్చొని నీళ్ల కోసం చెయ్యి చాపాడు. అది సీసా ఇచ్చింది. లోకంలో మిగిలిన ఆఖరి నీళ్లు తాపీగా తాగేశాడు.

"కట్! నాయినా, వెనక్కి రావద్దు. పోవాలె."

"పిల్ల యాడికి అని అడిగె గదా. అడిగినంక ఎట్ల పోతరు?"

"ఇది యాక్టింగ్ మామా," అన్నాడు మా ఆయన.

"యాక్టింగైనా పోయేది నేనే గదా అల్లుడు."

మళ్లీ తీశాం. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈసారి గుర్తుంచుకుంటానని ఒట్టేశాడు, నాలుగడుగులు ఎక్కువ వేశాడు, కాలు సాగక వచ్చి కూర్చున్నాడు. సీసా ఖాళీ అయినప్పుడల్లా మా ఆయన క్యాన్‌లో నుంచి నింపుతున్నాడు. నా కూతురికి ఇదంతా మహా సరదాగా ఉంది. తాను ఒక్క మాటంటే తాత వెనక్కి వస్తాడని దానికి తెలిసిపోయింది. అరిచిన ప్రతిసారీ ముందుకంటే గట్టిగా అరుస్తోంది. ఎవరి పోలికో నాకు తెలుసు.

మధ్యాహ్నం అమ్మ జొన్న రొట్టెలు తెచ్చింది. సంగతి విని తేలిగ్గా తేల్చేసింది. "దూరమా అని అడిగియ్యి. ఆయినె పోతడు." అదీ చేశాం. బిడ్డ "దూరమా నాయినా?" అంది. నాయిన మర్యాదగా నవ్వి, "ఆఁ, జర మక్తల్ దాక" అని చెప్పి, చేతులూపుకుంటూ నడిచిపోయాడు. ముఖంలో సంతకు పోయే కళ. మా ఆయన నవ్వు ఆపుకోలేక కెమెరా కదిలించాడు.

అప్పటికి పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ముసలవ్వ మేకలను మలుపుకుంటూ వచ్చి ఆకాశం వైపు చూసి, రేపే ట్రాక్టర్ అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. నా ముఖం ఎట్లా ఉండాలి? ఈ చెల్క దున్నేస్తే మళ్లీ ఇట్లాంటి జాగా దొరకదు. గడ్డం పెంచడానికి నాయిన మళ్లీ ఒప్పుకోడు. ఆ ముఖం నాకు ఇక దొరకదు.

ఇంకొక్కసారి అన్నాను. ఇంకొక్కసారీ నాయిన వచ్చి రాయి మీద కూర్చున్నాడు. సీసా ఎత్తి గుక్క తాగి, ఆగి, మూత చూసి, ఇంకో గుక్క తాగుతున్నాడు. నాకు ఎక్కడిదో కోపం తన్నుకొచ్చింది. కెమెరా పక్కన నిలబడి అరిచాను.

"గంత సేపా నాయినా తాగేది! నిజంగ బొంబాయి పోయినప్పుడు గిట్లనే సతాయించినవా? గటగట తాగి, ఎన్కకు సూడకుంట పోతుంటివి గదా!"

నాయిన సీసా దించాడు. నాకు కోపం వచ్చిందని ఆయనకు అర్థమైంది. నా వైపు సూటిగా చూశాడు.

"గటగట ఎన్నడు తాగిన బిడ్డా? నీళ్లు ఒడిసి చెంబు ఖాళైతే లేవాలె గదా."

ఆయనే మళ్లీ అన్నాడు.

"నువ్వేమో మంచి నిద్రల ఉంటుంటివి. లేపితే మీ అమ్మ ఊకోదు, పిల్ల ఏడుస్తదని. గందుకే చెంబు ఇడిసేటోన్ని."

"ఏం చెంబు?"

"గడప కాడ. సప్పుడైతే లేస్తవు. లేస్తే అడుగుతవు. అడిగితే నేను జరసేపు కూసోవచ్చు."

రొట్టెల గిన్నె మూస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఓ దేవుడా! చేతులల్ల సత్తువ లేదనుకొని గన్ని తిట్లు తిడ్తిని గదయ్యా" అంది.

నాయిన నవ్వాడు. జామకాయలు దొంగిలిస్తూ దొరికిపోయినవాడి నవ్వు. పెళ్లిళ్లలో ఎవరెప్పుడు కళ్లు తుడుచుకుంటారో తెలియదు కనుక, ఎవరైనా ఆపమని చెప్పేదాకా మా ఆయన కెమెరా ఆపడు. ఆపలేదు. ఎప్పుడు జూమ్ చేశాడో, చిన్న తెర మీద నాయిన ముఖం నిండుగా ఉంది. నేను ఇన్నేళ్లు చూడాలనుకున్న ముఖం. నవ్వుతూనే ఉన్నాడు గాని కళ్లు సీసా మీద ఉన్నాయి. ఇంకా ఎన్ని నీళ్లు మిగిలాయో చూసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకునేంత చిన్న ఏడుపు కూడా కాదు. కట్ అనాల్సిన మనిషిని నేనే, అనలేకపోయాను. నా కూతురు వచ్చి సీసాలో ఇంకొన్ని నీళ్లు పోసి తాతకు ఇచ్చింది. అది కథలో లేదు.

సినిమాలో అదే ఉంచాను. నా అరుపులు తీసేశాను, నాయిన మాటలు, అమ్మ గొంతు తీసేశాను. తండ్రి వెళ్లబోతాడు, బిడ్డ అడుగుతుంది, అతను వచ్చి కూర్చొని ఆఖరి నీళ్లు మెల్లగా తాగుతూనే ఉంటాడు. అక్కడే అయిపోతుంది. వెనకాల మసకగా మేకలు. ఇంటర్నెట్‌లో పెడితే, నీళ్లు లేని లోకంలో ఆయన అంత తీరిగ్గా తాగడమేమిటి, బిడ్డకు ఇవ్వొద్దా, డైరెక్టర్‌కు బుర్ర లేదా అని ఎవరో రాశారు. మా దిక్కువాళ్లు మాత్రం అట్లా అడగలేదు. ముసలవ్వ మూడుసార్లు చూసి మేకలు సరిగ్గా కనబడట్లేదంది.

ఇప్పుడు సంత రోజు నాయిన మా ఇంటికి వస్తాడు. అన్నం తిని, మనవరాలితో కాసేపు కొట్లాడి, పోతా అని లేస్తాడు. గేటు దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపో. చేతిలో చెంబు ఉండదు కనుక గేటు గొళ్లెం చప్పుడు చేస్తాడు, తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసి. నేను కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే, నా కూతురి కంటే ముందే అరుస్తాను.

"యాడికి నాయినా?"

"పోయేటోన్ని అడుగుతరా?" అని విసుక్కుంటూ వెంటనే వెనక్కి వస్తాడు. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద చెంబు చూసి నిండా నింపి ఇస్తాను. ఆయన తాగుతున్నంత సేపూ ఎదురుగా కూర్చుంటాను.